ఎర్ర చుక్క పెట్టిన సీసాలు

ఓవెన్ అక్కర్లేని మిఠాయి అది. ఖుబానీలు, అంటే ఎండు ఆప్రికాట్ పండ్లు, ఉడికించడానికి తప్ప పొయ్యితో కూడా పెద్దగా పని లేదు. చిన్న గాజు సీసాలో అడుగున వెన్న కలిపిన బిస్కెట్ పొడి, దాని మీద గుడ్డలో కట్టి నీళ్లు ఓడ్చిన పెరుగూ మీగడా కలిపి గిలకొట్టిన తెల్లటి ముద్ద, ఆ పైన మామిడిపండు గుజ్జో ఖుబానీ గుజ్జో, మళ్లీ బిస్కెట్, మళ్లీ మీగడ. మూత పెట్టి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడుతుంది. మనిషికో సీసా. హుస్సేనీ ఆలంలోని మా గల్లీలో దాన్ని తినని మనిషిని నేనొక్కణ్నే అనుకుంటాను. అది చేసేది మాత్రం నా భార్యే.

నాకు దాన్ని చూస్తేనే వెగటు. తినే వస్తువును గాజులో పెట్టి పొరలు పొరలుగా చూపించడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. రెండో రోజుకల్లా బిస్కెట్ పొడి చెమ్మ తగిలిన సున్నం గోడలా ఉబ్బుతుంది. ఖుబానీ పీచు చెంచాకు తడి వెంట్రుకలా వేలాడుతుంది. చెంచా సీసా అడుగున గీరుకునే చప్పుడుకు నా పళ్లు జివ్వుమంటాయి. పక్కింటి పిల్లలు ఆ అడుగును వేలు పెట్టి తుడుచుకుని నాకుతుంటే నేను తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయేవాణ్ని.

ఏది చూసినా ముక్కు ముడుచుకునే ఈ గుణాన్ని యాభై తొమ్మిదేళ్లపాటు నేను శుభ్రత అనుకున్నాను. కాదు. మా గల్లీలో నేను చేసినంత మురికి పని ఇంకెవరూ చేయలేదు. అదే రాస్తున్నాను.

మా నాన్న ఇక్కడే ఒక చిన్న గుళ్లో అర్చకుడు. నేను గుడి పనిలోకి వెళ్లలేదు. కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా చేరి, అక్కడే పని ముగించుకుని ఇంట్లో కూర్చున్నాను. నేను ఇంట్లో కూర్చునేసరికి నా భార్య లేచి నిలబడింది. ఎదురింట్లో ఒకావిడ ఉంటుంది. మేం ఆపా అంటాం, అక్క అని. ఆమె పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు కాబట్టి తెలుగు మాతో సమానంగా మాట్లాడుతుంది. ఆమే నా భార్యకు ఖుబానీలు రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, సన్నని సెగ మీద ఉడికించడం నేర్పింది. సీసాల్లో పొరలు వేయడం మాత్రం నా భార్య సొంత ఆలోచన. మొదటి సీసాలు ఆపా ఇంటికే వెళ్లాయి. మర్నాడు ఆపా మా గుమ్మంలో నిలబడింది.

"భాయ్ సాబ్, మీ ఇంటామె నా కాపురంల లొల్లి పెట్టింది. మా అత్త ఒక్క సీసా తిని, నీకెందుకు రాదు గిట్ల చెయ్య అని పొద్దుగాల సంది నన్ను సతాయిస్తున్నది."

నా భార్య లోపల పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయిన ఇన్నేళ్లలో గల్లీలో ఆమెను గుమాస్తా గారి ఇంటామె అనే అనేవారు. ఏడాది తిరిగేసరికి నన్ను సీసాలామె మొగుడు అనడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టులో కూడా. నేను పైకి నవ్వేవాణ్ని. లోపల ఏదో గుచ్చుకునేది. ఆమెకు మాత్రం ఆ పేరు అన్నం కంటే ఎక్కువైంది. "నా చేతికి ఒక పేరొచ్చింది" అని ఒకసారి నాతో మెల్లగా, ఎవరికీ చెప్పొద్దన్నట్టు చెప్పింది.

సీసాలు తిరిగి ఇవ్వాలని ఆమె అందరికీ ముందే చెప్పేది. అవి వచ్చాక కడిగే పని నాకు అప్పగించింది.

"ఏమండి, నాకు పండ్లు కోసుడే సరిపోతున్నది. సీసాలు కడుగుడు మీరు జూస్కోండి. మూతల లోపట రబ్బరు ఉంటది, అది తీసి కడగాలె."

నేను సరేనన్నాను.

మా గల్లీలో ఒక అలవాటు ఉంది. ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపరు. హిందువుల ఇల్లైనా ముస్లింల ఇల్లైనా అంతే. గుప్పెడు చక్కెరో, నాలుగు బాదం పలుకులో, ఎండుమిరపకాయలో వేసి పంపుతారు. సీసాలు కూడా అలాగే వచ్చేవి. మేం మాంసం తినమని తెలిసినవాళ్లు చూసుకుని తినేదే వేసేవారు. కానీ సీసా వాళ్లింట్లో పది పదిహేను రోజులు ఉండేది కదా, ఆ మధ్యలో దేనికో దానికి వాడుకునేవారు. ఒకసారి ఒక సీసా మూత తీస్తే గాజు గోడకు పసుపు రంగు కొవ్వు గడ్డకట్టి ఉంది, అందులో చిన్న ఎముక ముక్క. నా కడుపులో తిప్పేసింది. సీసాను పెరట్లోనే పెట్టేసి వెళ్లి స్నానం చేశాను. ఇంకో దానిలో అల్లం వెల్లుల్లి ముద్ద ఆకుపచ్చగా బూజుపట్టి ఉంది. ఇంకో దానికి చేపల వాసన.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. అదే నెలలో మా సొంత చుట్టాల ఇంటి నుంచి వచ్చిన సీసాలో సిగరెట్ పీకలు ఉన్నాయి. నల్లటి నీళ్లలో నాని, విచ్చుకుపోయి, పొగాకు పురుగుల్లా తేలుతోంది. దాన్ని నేను చేత్తో కడిగాను. వేలు లోపలికి పెట్టి, పీచు వేసి రుద్ది, మూతలోని రబ్బరు రింగు ఊడదీసి వేడినీళ్లలో వేసి. తిట్టుకున్నాను, కానీ కడిగాను. కడుపులో తిప్పలేదు. ఎందుకు తిప్పలేదని ఆ రోజు నన్ను నేను అడగలేదు.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. ఒక రకం లోహం ఇంకో రకంలో కలవకుండా కడ్డీల చివర రంగు చుక్కలు పెడతారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కలిసి కొలిమిలోకి పోతే మొత్తం పాడవుతుంది. ముప్పై ఏళ్లు నేను ఆ చుక్కలు చూస్తూ, రాసుకుంటూ బతికాను. ఇంట్లో తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా ఒకటి ఉంది. ఆపా ఇంటి నుంచి, ఆపా చుట్టాల ఇళ్ల నుంచి, గల్లీ చివర ముస్లింల ఇళ్లన్నిటి నుంచి వచ్చిన సీసాల అడుగున నేను ఒక్కో ఎర్ర చుక్క పెట్టాను. అగ్గిపుల్ల తలకాయంత. ఆ సీసాలను విడిగా ఒక గోనెసంచిలో వేసి మెట్ల కింద పెట్టేవాణ్ని. మళ్లీ ఆ ఇళ్లకు పంపాల్సి వచ్చినప్పుడు వాటినే తీసేవాణ్ని. మా ఇంట్లో, మా చుట్టాల్లో, గుడి వీధిలో చుక్క లేనివే తిరిగేవి. నింపేది నా భార్య, సీసాలు అందించేదీ మూతలు బిగించేదీ నేను. ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

చుక్క సీసాలను నేను చేత్తో కడగలేదు. ప్లాస్టిక్ తొట్టిలో సబ్బునీళ్లు పోసి అందులో పడేసి, చీపురుపుల్లల కట్టతో అటూ ఇటూ తిప్పి, ఇంకో తొట్టిలో ముంచి తీసేవాణ్ని. గాజు తళతళలాడేది. మూతలను కూడా అలాగే ముంచేవాణ్ని. రింగు ఊడదీయాలంటే గోరు లోపలికి పెట్టాలి. ఆ రింగు కింద వాళ్ల కూరల జిడ్డు ఉంటుందని, అది నా గోటి కిందకు వస్తుందని ఊహించుకుంటేనే ఒళ్లు జలదరించేది. ఊడదీయలేదు. తడి ఆరకముందే మూత బిగించి సంచిలో వేసేవాణ్ని, వాసన బయటికి రాకుండా. ఏడాదిన్నర అలాగే చేశాను.

ఈ ఎండాకాలంలో ఆపా కూతురికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థాన్ని వాళ్లు మంగ్నీ అంటారు. ఆపా వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది.

"చెల్లె, మంగ్నీల అందరు కద్దూ కీ ఖీర్ పెడ్తరు. నేను నీ సీసాలు పెడ్తా. మా సమ్‌ధన్‌కు మస్తు నోరు. అది మూతపడాలె."

సమ్‌ధన్ అంటే వియ్యపురాలు. పెళ్లికొడుకు తల్లి. కద్దూ కీ ఖీర్ అంటే సొరకాయ పాయసం.

"ఎన్ని గావాలె ఆపా?"

"అరవై."

"అమ్మో. నాతోని అయితదా?"

"కాకుంటే చెప్పు, నా బిడ్డ మంగ్నీ ఆపిపిస్తా. నీతోని అయినప్పుడే పెట్టుకుంటం."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆపా వెళ్లాక నా భార్య వేళ్ల మీద లెక్కలు వేసుకుంది. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కాని అరవై మంది ముందు ఆమె చేతి వంట పెట్టడం అదే మొదటిసారి. "మంచిగైతే నాకింక ఫికర్ లేదు" అంది. బాగా కాకపోతే ఏమవుతుందో అనలేదు. ఆమె ముఖంలో కనిపించింది.

మూడు రోజులు ఆమెకు నిద్ర లేదు. మామిడిపండ్లు ఒక్కోటి వాసన చూసి ఏరింది. ఖుబానీలు రెండుసార్లు ఉడికించింది, మొదటిసారి పీచు ఎక్కువ తగిలిందని. మంగ్నీ రోజు తెల్లారేసరికి పెరుగు ముద్ద, పండు గుజ్జు, బిస్కెట్ పొడి మూడు గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. నన్ను లేపి అడిగింది.

"సీసాలు అరవై ఉన్నయా?"

"ఉన్నయి."

"మూతల రబ్బర్లు తీసి వేడినీళ్లల్ల మరిగిచ్చిన్రా?"

"మరిగిచ్చిన."

ఆ ఒక్క మాట అనడానికి నాకు ఆలోచించాల్సిన పని కూడా పడలేదు. చుక్క లేని సీసాలు అటక మీద ఎనభై దాకా ఉన్నాయి, ఎండలో ఆరబెట్టినవి. అయినా నేను మెట్ల కింది గోనెసంచే లాగాను. పోయేది ఆపా ఇంటికే కదా అనుకున్నాను. ఇన్నాళ్లూ పైనున్న నాలుగైదే తీసేవాణ్ని, అడుగునవి నెలల తరబడి తడితోనే మగ్గాయి. సంచి విప్పగానే లోపలి నుంచి వెచ్చగా, పులిసిన గుడ్డలాంటి వాసన వచ్చింది. సీసాలను సబ్బునీళ్లలో ఇంకోసారి ముంచాను. మూతల అంచులను తడిగుడ్డతో తుడిచాను. ఒక మూతలో రబ్బరు పక్కన సన్నగా నల్లటి గీత కనిపించింది. గుడ్డ కొసతో ఒత్తి తుడిస్తే గీత పోయింది, గుడ్డకు జిగట అంటుకుంది. గుడ్డ పారేశాను. మూత మాత్రం బిగించాను.

సగం సీసాలు మా ఫ్రిజ్‌లో, సగం ఆపా ఫ్రిజ్‌లో పెట్టాం.

సాయంత్రం ఆడవాళ్లు ఆపా ఇంట్లో, మగవాళ్లం బయట షామియానా కింద. మా వరకు సీసాలు ఇంకా రాలేదు. లోపల ముందు వియ్యాలవారి ఆడవాళ్లకు అని పళ్లేలు వెళ్లాయి. కాసేపటికి అవే పళ్లేలు, నిండు సీసాలతో, తిరిగి బయటికి వచ్చాయి. మోసుకొచ్చేది ఆపానే. జరీ చీర కట్టుకుని, పెళ్లికూతురి తల్లి, తనే రెండు చేతుల్తో పళ్లెం పట్టుకుని వంటింటి వైపు పోతూ మగవాళ్లతో అంది.

"ఫ్రిజ్ ఎప్పుడో ఆగిపోయింది, ఎవ్వరు జూడలె. సీసాలు ముట్టకుండ్రి. ఎవరన్న పోయి ఐస్‌క్రీం పట్టుకరాండ్రి, జల్ది."

నన్ను దాటుతూ నా వైపు చూడలేదు. ఆ పళ్లెంలో ఒక సీసా మూత తీసి ఉంది. తెల్లటి మీగడ మీద మూత అంచు తగిలిన చోట గుండ్రంగా ఒక నల్లని వలయం. దాని నుంచి సన్నటి జిగట తీగ ఒకటి మీగడలోకి సాగి ఉంది. చల్లదనానికి మూత లోపల పట్టిన నీళ్లు, రబ్బరు కింద ఏడాదిన్నరగా కుళ్లిన దాన్ని కరిగించుకుని, మూడు రోజులు నిద్రలేకుండా చేసిన దాని మీద కారాయి. వాసన నాదాకా వచ్చింది. మెట్ల కింది సంచి వాసన.

నా భార్య ఇంటికి వచ్చి చెప్పింది. వియ్యపురాలే మొదటి చెంచా నోట్లో పెట్టుకుందట. పెట్టుకుని, చేతిరుమాలు తీసి అందులో ఉమ్మేసిందట. పక్కనున్నావిడ తన సీసా మూత తీసి ఛీ అని దూరంగా నెట్టిందట. అప్పుడు ఆపా లేచి ఫ్రిజ్ ఆగిపోయిందని చెప్పిందట.

"మన ఫ్రిజ్‌ల పెట్టినవి గూడ గట్లనే ఉన్నయండి. మన ఫ్రిజ్ ఆగలె గదా. ఎట్లయింది?"

"ఎండకు అయ్యుంటది" అన్నాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను ఆ సంగతి బయటపెట్టలేదు. ఆ ఎనిమిది రోజులకు నా మీద నాకున్న రోత ఇప్పటికీ తగ్గలేదు. ఆమె మొదట పాలను అనుమానించింది. పన్నెండేళ్లుగా పాలు పోసేవాణ్ని మాన్పించింది. తర్వాత ఖుబానీలను అనుమానించి ఇంట్లో ఉన్నవన్నీ పారేసింది. తర్వాత తన చేతులనే అనుమానించడం మొదలుపెట్టింది. కూర కలిపే ముందు కూడా రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కునేది. గుడి వీధి నుంచి ఒకాయన పుట్టినరోజుకు పది సీసాలు అడిగితే, "ఇప్పుడు చేస్తలేనన్నా" అని పంపేసింది. నేను పక్కనే పేపరు చదువుతున్నాను. చదవడం లేదు, పట్టుకుని ఉన్నాను. చెబితే ఏమవుతుందో అన్న భయం కాదు, చెప్పకపోయినా ఎలాగో గడిచిపోతుందని నా లెక్క.

తొమ్మిదో రోజు ఆపా ఇంటి నుంచి సీసాలు వచ్చాయి. సంచిలో అరవై సీసాలు, అన్నీ కడిగి, ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. వాటితో పాటు ఒక పాలిథిన్ కవరు. అందులో అరవై రబ్బరు రింగులు, ఉడకబెట్టి తుడిచినవి. నా భార్య ఒక రింగు వేలికి తొడుక్కుని తిప్పుతూ చూసింది. కొన్ని రింగులకు ఎంత ఉడకబెట్టినా నల్లటి మచ్చ పోలేదు. ఆమె సీసాలను ఒక్కొక్కటి బోర్లించడం మొదలుపెట్టింది.

"ఈ ఎర్ర చుక్క ఏంది?"

ఆమె లేచి స్టూలు వేసుకుని అటక మీది సీసాలు దించింది. వాటినీ బోర్లించింది.

"వీటికి లేదు. మా చిన్నమ్మ ఇంటి నుంచి వచ్చినయి గూడ వీటిల్లనే ఉన్నయి. వీటికి లేదు."

"లేదు" అన్నాను.

"ఇవి ఆపా ఇంటియి. గల్లీ చివరోళ్లయి గూడ ఇవేనా?"

"ఔ."

"మీరు పెట్టిన్రా?"

"పెట్టిన."

అప్పుడు అంతా చెప్పాను. చీపురుపుల్లలు, తొట్టి, సంచి, మరిగించానని ఆడిన అబద్ధం. చెప్పడం అయ్యాక నా చేతుల వైపు చూసింది, వాటికేదో అంటుకున్నట్టు. అంతకుముందు ఆ చూపు నా కళ్లలో ఉండేది, నేను ఇతరుల సీసాలను చూసేటప్పుడు. నా మీదకు వస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"లేవండి. ఆపా దగ్గరికి పోదాం. నేను జెప్ప. మీరే జెప్పాలె."

ఆపా వసారాలో కూర్చుని చిన్న రోకలితో ఖుబానీ గింజలు పగలగొడుతోంది. లోపలి పలుకులు బాదంలా ఉంటాయి, మిఠాయి మీద పెడతారు. నేను నిలబడే చెప్పాను. వినేటప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు. చుక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఆ చుక్కనా భాయ్ సాబ్? నేను మొదటి నెలనే జూసిన."

నేను తలెత్తాను.

"మా అత్తకు షుగర్ ఉన్నది గదా. చెల్లె మా ఇంటికి తీపి తక్కువేసి, కలవకుండ గుర్తు పెట్టి పంపుతున్నదనుకున్న. చుక్క జూపిచ్చి జూపిచ్చి తినిపిచ్చిన ముసలామెకు. మా చుట్టాలకు గూడ జూపిచ్చిన. జూడుండ్రి, మా ఎదురింటోళ్లు మా ఖయాల్ ఎంత జేస్తరో అని."

నా భార్య అక్కడే మెట్టు మీద కూలబడింది. ఆపా ఇంకో గింజ పగలగొట్టింది.

"రబ్బర్లు ఊడదీస్తుంటే నాకు వాంతయింది. అప్పుడు గూడ, పెద్దోడాయెను, కండ్లు ఆనకపోయి ఉంటయి అనుకున్న. గిదనుకోలె."

"మరి ఫ్రిజ్ అని ఎందుకు జెప్పిన్రు ఆపా?" అంది నా భార్య.

"ఫ్రిజ్‌కు నోరు లేదు చెల్లె. ఎన్ని మాటలన్నా పడ్తది. నిన్ను అంతమంది ముందట ఎట్ల నిలవెడ్తా? మూడు దినాలు నిద్రపోలె నువ్వు." పలుకులు పక్కకు తీస్తూ, "కని మా సమ్‌ధన్ ఊకుంటలేదు. రోజు ఫోన్ జేసి, ఫ్రిజ్ జూస్కోనోళ్లు పిల్లకేం పని నేర్పిన్రు అంటున్నది. అననీ. పెండ్లయితే మర్చిపోతది."

"ఎందుకు అననియ్యాలె?" అంది నా భార్య. గొంతు గట్టిగా లేదు కానీ ఇంకోలా ఉంది. "తప్పు మాది. మాట మీ బిడ్డ మీదికి పోతున్నది. నేను పోయి జెప్పొస్తా."

"వద్దు చెల్లె. నీ పేరు పోతది."

"పోతే పోనీ ఆపా. మీ బిడ్డ పేరు చెడగొట్టి నా పేరు నిలవెట్టుకోను."

ఆపా నా వైపు చూడకుండానే అడ్రసు చెప్పింది.

వియ్యపురాలి ఇల్లు బార్కస్ దాటాక. ఆటోలో నా భార్య నా పక్కన కాకుండా అంచుకు జరిగి కూర్చుంది. వియ్యపురాలు భారీ మనిషి, భారీ గొంతు. మమ్మల్ని గుర్తుపట్టి ఉర్దూలో మొదలుపెట్టి, నా భార్య కోసం తెలుగులోకి దిగింది. నా భార్య, ఫ్రిజ్ ఆగలేదని, మూతలు మురికివని, అవి మా ఇంటి నుంచే అలా వచ్చాయని చెప్పింది.

"ఫ్రిజ్ కాదా? యా అల్లా. వారం సంది ఆమెకు కొత్త ఫ్రిజ్ కొనుమని సతాయిస్తున్న నేను. ఏ కంపెనీది మంచిగుంటదో గూడ జెప్పిన." నవ్వబోయి ఆపుకుంది. "మరి మూతలు కడగలేదా నువ్వు?"

నా భార్య నోరు తెరవబోయింది. ఆ నిందను కూడా ఆమె తీసుకునేదేమో. నేను ముందుగా అన్నాను.

"కడిగేది నేను. నేను కడగలె."

"ఎందుకు?"

"చెయ్యి పెట్టబుద్ధి కాలె."

"ఎందుకు బుద్ధి కాలె భాయ్ సాబ్?"

"ఆ ఇండ్ల నుంచి వచ్చినయని."

ఆమె కుర్చీలో ముందుకు వంగింది. "గోష్ వండుతరనా?"

అవునని అక్కడితో ఆపేయవచ్చు. మాంసం తినని ఇంట్లో పుట్టినవాడు మాంసం జిడ్డును అసహ్యించుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆమె కూడా పట్టేది కాదు, గొంతులోనే తెలుస్తోంది. ఆ సందు ఆమె నాకోసమే తెరిచి పెట్టింది. కానీ సిగరెట్ పీకల సీసా గుర్తొచ్చింది. దాన్ని నేను చేత్తో కడిగాను.

"గోష్ ఒక్కటే గాదు. మీ మనుషులని గూడ."

నా భార్య కళ్లు మూసుకుంది. వియ్యపురాలు వెనక్కి వాలి నన్ను చాలాసేపు చూసింది. కోపం కనిపించలేదు. ఆమె కూడా ఒక కుళ్లిన వస్తువును చూస్తోంది, అంతే. చూసి, నా భార్య వైపు తిరిగింది.

"ఇంటికొచ్చినోళ్లకు చాయ్ పోయాలె మేము. కని మీకు మా గిలాసలు పడవు గదా."

ఆ మాట నాకే అని తెలుసు. పడతాయంటే దొరికిపోయాక అంటున్నట్టు, పడవంటే మళ్లీ ఆ పాత మాటే.

"నాకు పడ్తయి" అంది నా భార్య. "నాకు పొయ్యుండ్రి. కని ముందుగాల ఆపాకు ఫోన్ జెయ్యుండ్రి. ఫ్రిజ్ మాట, పిల్ల మీది మాట, రెండు వాపసు తీస్కోవాలె మీరు."

వియ్యపురాలు ఆమెను కిందికీ పైకీ చూసింది. "నోరు గూడ ఉన్నది నీకు" అంది. మా ఎదుటే ఫోన్ చేసింది. ఉర్దూలో, పెద్ద గొంతుతో, మాఫ్ చెయ్యమంటూనే మధ్యలో రెండు తిట్లు కూడా కలిపింది. అవతల ఆపా ఏమందో, ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేసి నా భార్యతో అంది.

"వలీమాకు నువ్వే చెయ్యాలె. పెండ్లయినంక మా దిక్కు పెట్టే విందు అది, మంగ్నీ లెక్క గాదు, నూటయాభై మంది. పండ్లు నా ఇంట్ల కోస్తవు, సీసాలు నా కోడండ్లు కడుగుతరు. నువ్వొక్కదానివే రావాలె."

"వస్తా" అంది నా భార్య.

లోపలి నుంచి చాయ్ వచ్చింది, ఒక్కటే గ్లాసు. నా భార్య రెండు చేతుల్తో అందుకుంది. ఆమె మెల్లగా, ఆగి ఆగి తాగింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాక్కూడా ఒకటి ఇవ్వమని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. అప్పుడు కూడా నా కళ్లు ఆమె ముఖం వైపు పోలేదు. ముందు ఆ గ్లాసు అంచునే వెతికాయి, శుభ్రంగా ఉందా అని. శుభ్రంగానే ఉంది.